గెలిచిన వాదం

హైదరాబాదు, ఆగస్టు 2006

నాన్నగారికి నాగదుర్గ నమస్కారాలు.

తాడేపల్లిగూడెం కాలేజీ విడిచి, కోరుకున్న ఈ యూనివర్సిటీలో చేరి కుదురుకున్నాను. నిన్న ఇక్కడ నా తొలి డిబేటు. కొల్లేరు సరస్సును కాపాడాలని ప్రభుత్వం అందులోని చేపల చెరువుల గట్లు తెంచడం న్యాయమా అన్నది అంశం. చీటీలో నాకు న్యాయమేనన్న పక్షం వచ్చింది.

“మీరసలు కొల్లేరు చూశారాండీ?” అని ఎదుటి పక్షం విద్యార్థి ఎగతాళి చేశాడు.

“మొన్న వేసవిలో తెంచింది మా నాన్నగారి చెరువు గట్టేనండీ. అయినా న్యాయమే అంటున్నాను” అన్నాను.

హాలంతా చప్పట్లు. నేనే గెలిచాను. మీ దుఃఖాన్ని సాక్ష్యంగా నిలబెట్టి గెలిచానని గదికి వచ్చాక తెలిసింది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చెరువు పోయినా మన పడవ మాత్రం అమ్మవద్దు.

గట్టు తెగిన నాటి నుంచి మీరు నాకు ఉత్తరం రాయలేదు. తిట్టడానికైనా ఒక కార్డు రాయండి.

మీ దుర్గ