బాల్కనీలో బట్టలు

అన్నా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. పొద్దున పెనుకొండలో నీ సమాధి దగ్గర ఫాతెహా చదివించి హిందూపురం వచ్చేసరికి, నా కొడుకు దస్తగిరి గడప ముందు సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నాడు.

దుబాయిలో తాపీ పని చేసి వచ్చినప్పుడు నువ్వు చెప్పావు. "మేం కట్టిన మేడల్లో ఒక్క బాల్కనీలో కూడా బట్టలు ఆరేసింది చూడలేదప్పా. కాపురం ఉండేటోళ్లే లేకుంటే ఎన్నాళ్లు కడతారు? ఈ పని నిలిచిపోతాది. మన దస్తగిరిని పంపొద్దు."

నా కొడుకు బాగుపడితే ఓర్వలేవనుకున్నాను. నువ్వు పోయాక, చమురు ధర పడిపోయిందని రేడియోలో చెబుతున్నా వినకుండా, చిలమత్తూరు చేను అమ్మి వాణ్ని పంపాను. "ఆడ మేడలు లేస్తానే ఉండాయి, పని యాడికి పోతాది?" అన్నాడు ఏజెంటు. నాకు కావలసిన మాటే అన్నాడు, నమ్మాను.

పని ఆగిపోయిందట. జీతాల్లేక, టిక్కెట్టు ఇచ్చే దిక్కులేక, వాడూ తోటి కూలీలూ సగం కట్టిన మేడలోనే ఐదు నెలలు పడుకున్నారట.

నీ మాట గుర్తొచ్చి అడిగాను. "బాల్కనీల్లో బట్టలు ఆరేసినారా యాడన్నా?"

వాడు తల ఎత్తలేదు. "ఆరేసినారు నాయనా. ఆ మేడంతటికీ మావే."