ఏడో నంబరు కుర్చీలో ఆ ఒక్కరోజు

అమ్మకు,

నీ కూతురు దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. మామూలుగా ఈ వాక్యం గబగబా రాసేసి ముందుకు పోతాను. ఈసారి "ఆరోగ్యంగానే" దగ్గర కలం ఆగింది. ఒంటికి ఎవరికీ ఏమీ కాలేదు, గాబరా పడకు. మిగతాదంతా వరసగా చెప్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అమ్మమ్మ మోకాలు చాలావరకు నయం. మెట్లెక్కేటప్పుడు కటకటమంటోంది గానీ ఎక్కుతోంది. నువ్వు పంపిన మోకాలి పట్టీ వేసుకోమంటే, "అది బిగించుకుంటే బంతాటకి బయల్దేరినట్టుంటుందే" అని బీరువాలో దాచేసింది. నా ఫలితాలు ఇంకా రాలేదు. నీ గది కిటికీ రెక్క తాతయ్య బిగించాడు. గని ఆసుపత్రిలో నీకు వరస డ్యూటీలు తగ్గించారో లేదో నువ్వే రాయలేదు, రాయి.

ఇక నాలుగో ప్రశ్న. "నిన్న ఫోన్‌లో నాన్న ముక్తసరిగా మాట్లాడాడు. అమ్మ ఏదీ అంటే, 'మీ అమ్మా? ఉంది' అన్నాడు. ఇద్దరూ పోట్లాడుకున్నారా?" అని అడిగావు. నీ వెనక వరసలో పదిమంది నిలబడి చెవులు రిక్కిస్తారు గనక ఫోన్‌లో చెప్పలేకపోయాను. పోట్లాట కాదమ్మా. పోట్లాటైతే బాగుండేది. నలభై ఎనిమిదేళ్లుగా "ఏడో నంబరూ, గ్లాసుడు మంచినీళ్లు" అని ముద్దుగా కేకేసే తాతయ్యకి, ఇప్పుడు భార్యను ఏమని పిలవాలో తెలియడం లేదు. నా దగ్గరికి వచ్చి, "మీ అమ్మమ్మని కాసిని నీళ్లిమ్మను" అంటున్నాడు. అమ్మమ్మ అక్కడే, రెండడుగుల దూరంలో ఉంటుంది.

ఇదంతా మా కాలేజీలో ఇచ్చిన పనితో మొదలైంది. డెబ్బై దాటినవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మొదటి డేట్ కబుర్లు చెప్పించుకుని, వాళ్ల మాటల్లోనే రాయాలి. రాసింది వాళ్లకు చూపించి సంతకం చేయించుకోవాలి. మా క్లాసువాళ్లందరూ ముసలివాళ్ల కోసం ఇరుగుపొరుగు వెతుక్కుంటుంటే, నాకు ఇంట్లోనే ఇద్దరు దొరికారని మురిసిపోయాను. కొత్త నోటుబుక్కు కొన్నాను. మేడం చెప్పినట్టు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టాను.

తాతయ్య ముందు నవ్వాడు. "డేట్ ఏంటే! మేం షికారు అనేవాళ్లం" అన్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాడు. నీకు తెలిసిన కథే అయినా, ఈసారి చెప్పిన తీరు నీకు రాయకుండా ఉండలేను.

"టెలిఫోను తీగ తెగిందంటే స్తంభం ఎక్కాలి, అతకాలి. అక్కణ్ణుంచే ఎక్స్‌ఛేంజికి ఫోన్ కొట్టి, లైను పలుకుతోందో లేదో చూసుకోవాలి. అవతల కూర్చున్న అమ్మాయి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టేది. అక్కడ పేర్లు చెప్పకూడదు. కుర్చీ నంబరే పేరు. పన్నెండు కుర్చీలు. అందులో ఏడో నంబరు లెక్కపెడుతుంటే, ఆరు అన్నాక ఓ చిన్న ఆగు. ఊపిరి తీసుకున్నట్టు. ఆ తర్వాత ఏడు. ఆ ఆగు కోసం శుభ్రంగా పలికే లైన్లు కూడా పరీక్ష చేసేవాణ్ణి. మూడు నెలలు! చివరికి ఒకరోజు పది అవగానే అడిగేశాను. 'ఆదివారం నాలుగింటికి పార్కు గేటు దగ్గరికి వస్తారా?' అని. అవతల చప్పుడు లేదు. తీగ మళ్లీ తెగిందేమో అనుకున్నా. అప్పుడు 'సరే' అని వినిపించింది. నడుముకి బెల్టు లేకపోతే మీ అమ్మ పుట్టేది కాదు, నువ్వూ పుట్టేదానివి కాదు."

షికారుకు గ్యారేజీలో పనిచేసే స్నేహితుడి బూట్లు అడిగి వేసుకెళ్లాడట. ఒక సైజు పెద్దవి. స్తంభం ఎలా ఎక్కుతారని అమ్మమ్మ అడిగిందో లేదో, ఈయన పార్కులో దీపస్తంభం ఎక్కేశాడు. సగం దూరంలో ఒక బూటు జారి చేపల తొట్టిలో పడింది. అమ్మమ్మ గొడుగు వంకీతో దాన్ని బయటికి లాగింది. తడిసిన బూటు చప్పుడు చేస్తుంటే ఇద్దరూ చీకటి పడకముందే బస్‌స్టాపు దాకా నడిచారు.

"కానీ అసలు సంగతి అది కాదు. గేటు దగ్గర ఆమె 'మీరేనా?' అనగానే గుర్తుపట్టేశాను. 'ఈ గొంతు ఎక్కడున్నా పోల్చుకుంటానండీ' అన్నాను. పాపం, సిగ్గుతో నోటమాట రాలేదు ఆమెకి" అని తన చెవి తట్టి చూపించాడు. ఆయన గర్వమంతా ఆ చెవే కదా.

మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ వంతు. ఆరిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. ఆయన చెప్పింది చదివి వినిపించాను. బూటు దగ్గర నవ్వింది. గొంతు దగ్గరికి వచ్చేసరికి చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

"సిగ్గు కాదే అది" అంది.

"మరి?"

"పెన్ను మూసెయ్యి. ఇది రాయడానికి కాదు. నా కుర్చీ పదకొండు."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పించుకున్నాను, అమ్మా. ఏడో నంబరు అమ్మాయి వేరే మనిషి! ఆ రోజు ఆ పిల్ల పన్ను పీకించుకోవడానికి వెళ్లిందట. కుర్చీ ఖాళీగా ఉండకూడదని సూపర్‌వైజరు అమ్మమ్మని అక్కడికి జరిపింది. అంతకుముందు ఒక్కసారి కూడా అమ్మమ్మ ఈయన లైను తీయలేదు.

"మరి సరే అని ఎందుకన్నావు?"

"నన్ను అప్పటిదాకా ఎవరడిగారే? అంత భయపడుతూ అడిగినవాణ్ణి కాదనబుద్ధి కాలేదు. ఆదివారం వెళ్లి, 'నేను ఆవిడ కానండీ' అని చెప్పి వచ్చేద్దామనుకున్నా. నోరు తెరిచేలోపే ఆయన గుర్తుపట్టేశాడు."

"ఆ ఏడో నంబరావిడ ఏమందీ?"

"పన్ను పోయిన బుగ్గ పట్టుకుని పడీ పడీ నవ్వింది. 'వాడెవడో నాకేం తెలుసు? అన్ని లైన్లకీ ఒకలాగే లెక్కపెడతాను. ఉంచేసుకో' అంది. దానికప్పటికే మందుల షాపతనితో పెళ్లి ఖాయమైంది."

అసలు దిమ్మతిరిగే మాట ఆ తర్వాత చెప్పింది. ఆయనకు అనుమానం రాకూడదని, ఆ స్నేహితురాలి దగ్గర కూర్చుని ఆ లెక్క నేర్చుకుందట! ఆరు తర్వాత ఎంతసేపు ఆగాలో, ఊపిరి ఎలా తీయాలో వారం రోజులు సాధన చేసిందట. తర్వాత ఆ కుర్చీనే అడిగి మార్పించుకుంది. మెట్లు లెక్కపెట్టినా, పళ్లేలు లెక్కపెట్టినా అలాగే అలవాటైపోయింది. అమ్మా, నువ్వు సూది గుచ్చే ముందు రోగిని ధైర్యపెడుతూ పది లెక్కపెడతావు చూడు, నువ్వూ ఆరు తర్వాత ఆగుతావు. నేనూ ఆగుతాను. మనం ఎప్పుడూ చూడని ఎవరో ఒకావిడ ఊపిరి మన ముగ్గురి నోళ్లలో ఉంది. ఆ సాయంత్రం గదిలో తలుపేసుకుని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి చూసుకున్నాను. ఆగకుండా ఉండటం నా వల్ల కాలేదు.

"తాతయ్యకి తెలుసా?" అని అడిగాను.

"తెలిస్తే నేనింత తీరుబడిగా బట్టలు మడతపెడతానా? ఆయన ఏడో నంబరూ అని పిలిచినప్పుడల్లా లోపల ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. ఎవత్తో అనుకుని నాతో కాపురం చేశాడని తెలిస్తే ఆయనేమైపోతాడే? ఎవరికీ చెప్పకు."

చెప్పనని చేతిలో చెయ్యేశాను.

మూడో రోజు నోటుబుక్కు తాతయ్య చదివాడు. పధ్నాలుగో పేజీ దాకా తన కథ. పదిహేనో పేజీ నుంచి అమ్మమ్మది. చదవడం అయ్యాక కళ్లజోడు తీసి నోటుబుక్కు మీద పెట్టాడు. "నా చెవి..." అన్నాడు, అంతే. అమ్మమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "చెబుదామనే వచ్చానండీ ఆ రోజు" అంది. ఆయన తలెత్తలేదు. నువ్వు ఫోన్ చేసింది ఆ మర్నాడే.

నాలుగు రోజులు ఇల్లు ఇల్లులా లేదు. ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఉప్పు డబ్బా నా మీదుగా అటూ ఇటూ తిరిగింది. అమ్మమ్మ మెట్లు లెక్కపెట్టడం మానేసింది. "నువ్వెవరో నాకు తెలీదు పొమ్మంటే ఎక్కడికి పోను?" అని ఒకసారి నాతో అంది. హాస్యానికి అనలేదు.

అమ్మా, ఇప్పటిదాకా ఒక ముక్క దాచాను. రాయొద్దన్నది ఎందుకు రాశావు, ఆయన చేతికి ఎలా ఇచ్చావు అని నువ్వు ఈపాటికి పళ్లు కొరుకుతూ ఉంటావు. రాసింది ఎందుకంటే, అమ్మమ్మ మాటలు అంత బాగున్నాయి గనక. మర్చిపోతానేమోనని ఆ సాయంత్రమే కూర్చుని రాశాను. తెల్లవారి మళ్లీ చదివితే, నేను ఇంతవరకు రాసిన వాటిలో అంత మంచి వాక్యాలు లేవనిపించింది. మరి తాతయ్య సంతకం పెడతానని నోటుబుక్కు అడిగినప్పుడు, పదిహేనో పేజీ నుంచి కలిపి నొక్కేయడానికి క్లిప్పు నా చేతిలోనే ఉంది. పెట్టలేదు. టీ పెడతానని లోపలికి వెళ్లిపోయాను. ఎవరో ఒకరు ఆ వాక్యాలు చదవాలనిపించింది, అంతే. టీ మరుగుతుంటే చక్కెర రెండుసార్లు వేశాను. అయినా వెనక్కి వెళ్లి నోటుబుక్కు లాక్కోలేదు. పొరపాటున జరిగిందని నీకు రాద్దామనుకుని రెండు కాగితాలు చింపేశాను.

అమ్మమ్మకి నిన్న పొద్దున నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "చెప్పొద్దన్నాను కదే" అంది, నా వైపు చూడకుండా. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ పేజీలు చింపేస్తాను, మార్కులు సున్నా వచ్చినా సరే అన్నాను. ఆవిడ ఏదో అనబోయేలోపు తాతయ్య గుమ్మంలోకి వచ్చాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని ఉన్నాడు. నన్ను వెళ్లమనలేదు గనక నేను కదల్లేదు.

"ఇదిగో, నాలుగు రోజులుగా కూర్చుని గుర్తుచేసుకుంటున్నా" అన్నాడు, సూటిగా అమ్మమ్మతోనే. "ఆ రోజు లెక్క నేను వినలేదు. అడగాల్సిన మాట లోపల వల్లించుకుంటున్నా. నువ్వు ఆగావో లేదో నాకు తెలీదు. ఇన్నేళ్లూ నా చెవి నా చెవి అని ఊరంతా డప్పు కొట్టుకున్నా."

"నేనే ముందు చెప్పాల్సింది" అంది అమ్మమ్మ.

"నన్ను చెప్పనీ. స్తంభం కింద నిలబడి 'దిగండి మహానుభావా, మెడ విరుగుతుంది' అని అరిచింది నువ్వు. బూటు తీసి పిండి ఇచ్చింది నువ్వు. నాకు గుర్తున్నవన్నీ నీవే. కానీ నేను అడిగింది నిన్ను కాదు. నిన్ను నేనెప్పుడూ అడగనే లేదు. అది నాకు మింగుడుపడటం లేదు." గొంతు సవరించుకున్నాడు. "ఈ ఆదివారం నాతో షికారుకి వస్తావా?"

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. వెంటనే సరే అంటుంది, కళ్లు తుడుచుకుంటుంది, మళ్లీ ఇల్లు ఇల్లవుతుంది అనుకున్నాను.

అమ్మమ్మ చెయ్యి తుడుచుకుని, ఆయన్ని పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది.

"ఆలోచించుకుని చెప్తాను" అంది.

"ఏమిటీ?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"ఆ రోజు ఇంకొకత్తి తరఫున గనక వెంటనే సరే అనేశాను. నా తరఫున చెప్పాలంటే టైం పడుతుంది."

ఇవాళ శుక్రవారం. ఇంకా జవాబు చెప్పలేదు. తాతయ్య వరండాలో కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటున్నాడు. "ఏమైనా అందా?" అని నన్ను ఇప్పటికి రెండుసార్లు అడిగాడు. లోపలికి వెళ్లి కనుక్కోబోతే, అమ్మమ్మ బీరువా తలుపు వెనక నుంచి తల బయటపెట్టి, "నువ్విందులో దూరావంటే తంతాను. ఆ మోకాలి పట్టీ ఎక్కడ పెట్టానో వెతికిపెట్టు" అంది.

ఇట్లు,
ఇంకా తేరుకోని నీ కూతురు