ముగింపుల కొత్త ముచ్చట తేవద్దన్నరు

గద్వాల,
14 నవంబర్ 2025.

గౌరవనీయులైన వీణక్కకు,

మీ మనీషా నమస్కరించి రాసేది. మీరు, బావగారు, పసిపాప పదిలంగ ఉన్నరని తలుస్త. ఇక్కడ మేము గూడ క్షేమమని రాయాలె గదా, కలం ఆడనే ఆగింది. లేనిది రాసుడు నాకు రాదని మీకు తెలుసు. అందుకే ఆ మాట ఇడిసిపెట్టి ముందుకు పోతున్న.

మొన్న మీరు ఫోన్ చేసి ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షల మంచి స్కోరు వచ్చిందని మస్తు సంబురపడ్డరు. వనపర్తి బస్టాండ్ కాడ నా ఫొటోతోని ఫ్లెక్సీ కడ్తమన్నరు. మీ కోచింగ్‌కు వచ్చి, వ్యాసం ఎట్ల రాసిన్నో, ఏం ఉదాహరణ ఇచ్చిన్నో కొత్త బ్యాచ్‌కు చెప్పమన్నరు. నేను ఊఁ ఊఁ అని పెట్టేసిన. కోపం చేయకుండ్రి. నోటితోని రాదక్కా, అందుకే రాస్తున్న.

ఫ్లెక్సీ వద్దు. మా నిరంజన్ పోయి ఇంకా రెండు నెలలు నిండలే. గద్వాల నుంచి వనపర్తికి మావోళ్లు రోజూ తిరుగుతరు. తమ్ముని ఫొటోకు దండ ఏసి, అక్క ఫొటో బజార్ల కట్టుకుందని అనిపించుకోవాల్నా?

వ్యాసం ముచ్చటంటరా, అది మీరు పెట్టిన భిక్షనే. మీ దగ్గరికి రాకముందు రెండుసార్లు రాత పేపర్లనే తప్పిన. నర్సును నేను, సూది ఏసే చేతికి పేరాలు ఏడికెళ్లి వస్తయి? మొదటి పేరాల ప్రశ్నను మన మాటలల్ల తిప్పి చెప్పి, మన అభిప్రాయం ఏందో చెప్పాలె. రెండో పేరాల ఒక దిక్కు, మూడో పేరాల ఇంకో దిక్కు. కారణం ఎంబడి ఉదాహరణ రావాలె. ముగింపుల మాత్రం కొత్త ముచ్చట తేవద్దు. నిద్రల లేపి అడిగినా ఇదే చెప్త.

నిరంజన్ గూడ చెప్తుండె. వాడు మగ్గం మీద ఉంటె పక్కకు కూసొని గట్టిగ చదివేదాన్ని. ఒక్క ముక్క సమజ్ గాకున్నా ఊఁ కొడ్తుండె. మూడో పేరా మొదట్ల ఆన్ ది అదర్ హ్యాండ్ అని నా నోట్లకెళ్లి వచ్చిందంటే చాలు, అమ్మా సగమైంది, అన్నం పెట్టు అని ఒర్లేటోడు. డయాలసిస్ అయి వచ్చిన దినం చేతులు వణుకుతుండె, పోగు అతకరాకపోతుండె. అయినా ఎక్కిరించుడు మానలే. అమ్మ కిడ్నీ సరిపోతదని డాక్టర్లు చెప్పిన్రు. ఆపరేషన్‌కు, ఆ తర్వాత బతికినన్నాళ్లు మందులకు, నేను ఐర్లండ్ పోయి నర్సుగ చేసి పైసలు పంపాలె. నాకది పరీక్ష కాదక్కా, వాని పానం.

యాదికుందా, ఒకనాడు మీరు నన్ను తిట్టిన్రు. నీ వ్యాసం ఉప్పులేని పప్పు లెక్కుంది, ఉదాహరణ ఏదన్నరు. చిన్న ఊర్లల్ల సరైన దవాఖాన లేక మా తమ్ముడు సచ్చిపోయిండని రాయి, ఎవరొచ్చి చూస్తరన్నరు. నాకు ఎంత కోపమొచ్చిందో. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటరు, గసొంటి మాట అనొద్దన్న. కాగితం మీద గూడనా అని నవ్విన్రు. కాగితం మీదైతే ఇంకా గట్టిగ అంటరని చెప్పి, సంచి పట్టుకొని బస్సెక్కిన.

వాడు పోయినంక మీరు ఫోన్‌ల అదే పట్టుకొని ఏడ్సిన్రు, నా నోటి మాటే తగిలిందని. పాగల్ అయిన్రా అక్కా? నేను ఆ మాట ఎన్నడూ రాయలే. పొద్దున చాయ్ తాగి మగ్గం గుంతల కాళ్లు పెట్టిండు, అట్లనే పోగుల మీదికి ఒరిగిండు. గుండె ఆగిందన్నరు. మీరు పచ్చి బాలింత, చావింటికి రావద్దని నేనే అన్న. రాలేదని మనసుల పెట్టుకోకుండ్రి.

సగం నేసిన చీర ఇంకా మగ్గం మీదనే ఉంది. షావుకారి మనిషి వచ్చి కోసుకపోతనంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పొద్దుమూకితే పోయి దాని పక్కకు కూసుంటది. నన్నేమో పొమ్మంటది, వాడు నిన్ను పొమ్మన్నడు గదా అంటది. పోయి ఏం చెయ్యాలె? మందులు ఎవరికి పంపాలె? ఆ స్కోరు కాగితం బోర్లేసి పెట్టిన. పోవుడా ఉండుడా ఇంకా తేల్చుకోలే.

మీ కోచింగ్ పిల్లలకు చెప్పనీకి నేను రాలేను. చలి ముదిరింది, పాపకు చెవులు కప్పుండ్రి.

ఉంటనక్కా,
మీ మనీషా.

తా.క.: ముగింపుల కొత్త ముచ్చట తేవద్దన్నరు. ఇది ముగింపు అయినంకది గదా, తెస్త. పరీక్ష రాసి వచ్చినంక, ఆదివారం నాడు తమ్ముడు పోయిండని మీకు చెప్పిన. అబద్ధం చెప్పినక్కా. వాడు గురువారం పొద్దుననే పోయిండు. నా పరీక్ష శనివారం, అదే దినం వానికి మూడొద్దులు, పిట్టకు అన్నం పెట్టే దినం. మైల ఇల్లు, నేను గడప దాటొద్దు. పరీక్ష కాడ చూపెట్టే పాస్‌పోర్టు అమ్మనే నా చేతిల పెట్టింది. నువ్వు పరీక్ష ఇడిసిపెడితే వాడు పిట్టయి వచ్చినా మెతుకు ముట్టడు, పో బిడ్డా అని హైదరాబాద్ బస్సెక్కించింది.

దవాఖానల మీదనే అడిగిన్రు, పట్నంల పెద్దయి కట్టాల్నా, చిన్న ఊర్లల్ల చిన్నయి కట్టాల్నా అని. మీరు చెప్పినట్టే రెండు దిక్కులు రాసిన. మూడో పేరాల ఉదాహరణ కాడ చెయ్యి ఆగలే. మా ఊర్ల డయాలసిస్ పెట్టినంక మా తమ్ముడు బాగైండు, ఈ పొద్దు గూడ మగ్గం మీద కూసొని చీర నేస్తుండు, నేను ఇంటికి పోంగనే ఎక్కిరిస్తడు అని రాసిన. లేనిది రాసుడు నా జన్మల అదే మొదలు.

రాసి, తథాస్తు అంటరేమోనని జరసేపు పైకి చూసుకుంట కూసున్న. ఆడున్న మేడం దగ్గరికొచ్చి, ఏం కావాలని అడిగింది. ఇంకో కాగితం అన్న.