పదింటిదాకా బండి తియ్యకు

రైనో, పొద్దున పది దాటేదాకా అడవిలో తిప్పే నీ నాలుగు చక్రాల బండి స్టార్ట్ చెయ్యకు. అప్పటిదాకా మేం వేటవాళ్ళం మంచెల మీద ఉంటాం. ఆ తర్వాత అడవి దారంతా మీ బండ్లవాళ్ళదే. నిన్న మా వేట క్లబ్బులో హకాలా మామ, "అమ్మాయ్, మీ ఆయన బండి మోతకి జింకలన్నీ కెనడా పారిపోతున్నాయి!" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. ఈసారి అలా జరగదని నేనే పూచీ పడ్డాను. నా పరువు తియ్యకు.

నారింజ రంగు చొక్కా కుర్చీ మీద పెట్టాను, అదే తొడుక్కో. ఆ గోధుమరంగు కోటు వద్దు. దాంట్లో నువ్వు అచ్చం జింకలాగే ఉంటావు, కాకపోతే పొట్ట ఎక్కువ. కుక్కకి కూడా నారింజ గుడ్డ కట్టు. దారిలో ఎవరైనా తుపాకీతో కనిపిస్తే ఇంజను ఆపి పలకరించు.

ఓవెన్లో మాంసం కూరిన పాస్టీలున్నాయి. నాకు రెండు మిగుల్చు.

ఇన్నేళ్ళుగా నేను వేట నుంచి రాగానే "ఏమన్నా దొరికిందా?" అంటావే గానీ, "చలేసిందా?" అని ఒక్కసారీ అడగవు.

ఒక సంగతి చెప్పనా? పోయినేడు నేను కొట్టిన ఆ పెద్ద కొమ్ముల జింక నీ బండి మోతకి బెదిరే నా ముందుకొచ్చింది. ఈ మాట హకాలా మామ చెవిన పడిందో, నీ పని చెప్తాను.

ఐలీ

అన్నట్టు, మా వైపు నుంచి ఒక్క తుపాకీ మోతే వినిపిస్తే, పది దాటాక తాడు తీసుకుని రా. జింకని నీ బండికి కట్టి లాక్కొద్దాం. వరసగా నాలుగైదు వినిపిస్తే మాత్రం కాఫీ ఒక్కటే తీసుకుని రా. దొరికిందా అని అడక్కు. చలేసిందా అని అడుగు.