జల్లెడలో మిగిలింది

అమ్మకు నీ ఎమెట్ ప్రేమతో రాసేది. ఇక్కడ నేను కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, లాయిడ్ మామయ్య నోరు మాత్రం తగ్గలేదనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది.

ముందు మామయ్య ప్రశ్నకి జవాబు. చనిపోయిన మనిషి మా కేంద్రంలో మట్టి కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఉక్కు తొట్టెలో చెక్కపేళ్లు, గడ్డి, మధ్యన మనిషి. అంతే. చలికాలంలో చర్చి మెట్ల మీద "మా అమ్మని పెంటకుప్పలో వేస్తావురా?" అని నా కాలరు పట్టుకున్నాడే, ఆయన ఇప్పుడు తన శవపేటికల దుకాణంలో మా కరపత్రాలు పెడతానంటున్నాడా! కుళ్లిపోకుండా మందు ఎక్కించిన శరీరాన్ని మేం తీసుకోం. ముందు ఆ సూది కింద పెట్టమను.

చూశావా, మళ్లీ కోపం. అమ్మమ్మ ఉంటే "నువ్వే గెలిచావు లేరా, ఇక ఈ యాపిల్ పై ముక్క తిను" అనేది.

నువ్వు ఒక్క బకెట్ మట్టి అడిగావు. "సమాధిరాయి వద్దన్నావు, సరే. వంటింటి కిటికీ కింద అమ్మ గులాబీకి వేసుకుంటాను, అది చాలు" అని రాశావు. ఈ పది రోజుల్లో ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో.

అమ్మా, ఆ మట్టి లేదు. ఆ రోజు ఏడుస్తూ ఫారం మీద సంతకం పెట్టి, "మిగతాది నువ్వు నింపు, నాకు అక్షరాలు కనపడట్లేదు" అన్నావు. 'కుటుంబానికి' అన్న గడి వదిలేసి 'మొత్తం అడవికి' అన్న గడిలో టిక్కు పెట్టాను. నిన్ను అడగలేదు. మట్టికి యజమాని ఉండడని ఎక్కడో చదివి, నీ తరఫున కూడా నేనే నమ్మేశాను. నీ ఉత్తరం అందేసరికి మట్టి లారీ కొండ మీది అడవికి వెళ్లి నాలుగు రోజులైంది.

ఆదివారం బకెట్ పట్టుకుని ఆ కొండకి వెళ్లాను. కొత్త ఫర్ మొక్కల చుట్టూ మట్టి పరిచేశారు. మోకాళ్ల మీద కూర్చుని చేతులతో కెలికాను. అక్కడ మొక్కలు నాటే ఆవిడ "ఎవరిది కావాలి బాబూ?" అంది.

"మా అమ్మమ్మది."

"ఎనిమిది మందిదీ కలిసిపోయింది నాయనా. ఇప్పుడెలా తెలుస్తుంది?"

మట్టికి పేరుండదని రోజూ పదిమందికి చెప్పేది నేనే. ఖాళీ బకెట్‌తో వచ్చేశాను.

ఒకటి మాత్రం ఉంది. యాపిల్ నిచ్చెన మీంచి పడ్డప్పుడు అమ్మమ్మ తుంటికి వేసిన లోహపు కీలు. ఆవిడ మట్టిని జల్లించింది నేనే. దొరికిన లోహమంతా కరిగించడానికి పంపాలి, అది ఇక్కడి నియమం. నేను జేబులో వేసుకున్నాను. నెల రోజులుగా అది జేబులోనే ఉంది. చేత్తో తడుముకోకుండా ఉండలేకపోతున్నాను.

శనివారం బస్సులో కనుమ దాటి వస్తున్నాను. తిడితే తిట్టు, ఈసారి ఎదురు చెప్పను. రాయి ఎక్కడ పెట్టాలో నువ్వు చూపించు. దాని కింద ఈ కీలుకి గొయ్యి నేను తవ్వుతాను. తలుపు తియ్యబుద్ధి కాకపోతే గులాబీ దగ్గర కూర్చుంటాను, కిటికీలోంచి చెప్పు.

ఇట్లు,
నిన్ను అడగని నీ కొడుకు,
ఎమెట్