నీ ఇష్టం

బుధవారం రాత్రి

వియత్నాం స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. అక్కడి పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం నాకే ఇచ్చారు. వస్తానో రానో రేపటిలోగా చెప్పాలి.

బాపు అన్నం తింటుంటే చెప్పాను. ఆయన తలెత్తలేదు. "నీ ఇష్టం బిడ్డా," అన్నాడు. చారు పోయబోతే వద్దని కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

అమ్మ నవ్వింది. "ఉప్పుగూడ స్టేషన్ల టికెట్ అడగనీకే సిగ్గుపడ్తవు. గక్కడ క్లాసు నిండ పిల్లలకు ఏం చెప్తవే?"

"బాపు సరే అన్నడు కదమ్మా."

"గట్లన్నడంటే సరే అన్నట్టా? నీకు తెల్వదా ఏంది?"

తెలుసు. అక్క నర్సింగ్ చదువుతానన్నప్పుడూ బాపు ఇదే మాట అన్నాడు. అక్క చదవలేదు. "నేనేమన్న వద్దన్ననా?" అని ఇప్పటికీ అడుగుతాడు. నిజమే, అనలేదు.

వద్దంటే ఏడ్చేదాన్ని, బతిమాలేదాన్ని. ఇష్టం నాదేనంటే ఎవరితో కొట్లాడను? ఆయన అన్నం వదిలేసిన కంచం తీసింది కూడా నేనే.

"వద్దని ఒక్కసారి నోటితో చెప్పు బాపూ" అని అడుగుదామని ఇందాక ఆయన మంచం దాకా వెళ్లాను.

"ఏంది బిడ్డా?" అన్నాడు.

మంచినీళ్లు కావాలా అని అడిగాను. కావాలన్నాడు. తెచ్చిచ్చాను.