పలకరించకూడని ఊరు

పుత్తన్‌కర,
జూన్ 9

ప్రియమైన ఏలికుట్టీ,

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మీ అక్క ఇంట్లో టీవీ ముందు కూర్చుని లావెక్కుతున్నావట. నర్సుగా ఎందరి బరువో తూచినదానివి, నీది కూడా కాస్త చూసుకో.

మన ‘తోడు’ సంఘానికి పాతికేళ్ళు నిండుతున్నాయి. బడిలో పాత సామాన్ల గదిలో, దిగులు పట్టిన పిల్లల పక్కన కూర్చుని చీపుర్ల కోసం కొబ్బరాకుల ఈనెలు గీస్తూ మనిద్దరం మొదలుపెట్టింది ఇప్పుడు నలభై ఒక్క బడుల్లో ఉంది. చేతులకి పనుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుందని నువ్వే అన్నావు, నిజమైంది. కార్యదర్శి బీన సంఘం చరిత్ర రాయమని నన్ను పట్టుకుంది. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగిపోయాను.

‘బయట కనబడితే మనం ముందు పలకరించకూడదు, పిల్లలు పలకరిస్తేనే పలకాలి’ అన్న నియమం దగ్గర. “అది మొదటినుంచీ ఉందని రాసెయ్యండి టీచర్, ఎంత ముందుచూపో అనుకుంటారు” అంటుంది బీన. ముందుచూపా! నా నోటి దురద వల్ల పుట్టిన నియమం అది. ఆ సంగతి నీకు కూడా చెప్పలేదు.

ఏడో క్లాసు షీజ గుర్తుందా? తండ్రి పోయాక అన్నం మానేసిన పిల్ల. మూడు నెలలు మన గదికి వచ్చి, నాలుగు చీపుర్లు కట్టి, ఒకరోజు నవ్వింది. ఆ ఏడు ఓణం పండగ ముందు రేషన్ షాపు వరసలో కనబడింది. సంతోషం పట్టలేక అందరి ముందూ అరిచాను, “షీజా! ఇప్పుడు ఏడవకుండా నిద్రపోతున్నావా అమ్మా?” అని. వరసంతా తిరిగి చూసింది. వాళ్ళమ్మ, “నా కూతురికి పిచ్చని దండోరా వేస్తున్నారా టీచర్?” అని పిల్లని లాక్కుపోయింది. సోమవారం నుంచి షీజ బడికి రాలేదు. ఊరు మారారట అని నీకు చెప్పాను. వారానికి రెండు రోజులు బస్సులో వచ్చిపోయేదానివి కాబట్టి నమ్మావు. వాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ వారమే ఈ నియమం నేను పెట్టాను, నువ్వు అట్టమీద రాసి గోడకి తగిలించావు.

షీజ ఇప్పుడు మార్కెట్ దగ్గర టైలర్ షాపు నడుపుతోంది. రోజూ ఎదురుపడతాం, నేను తల దించుకుని పోతాను. ఆమె ఒక్కతే కాదు. ఈ ఊళ్ళో సగం మంది మనసులో మాట విన్నాను, బజారులో ఒక్కరూ నన్ను చూసి ఆగరు. పెళ్ళిళ్ళకి పిలవరు. పిలిస్తే ‘ఈవిడ మీకెలా తెలుసు’ అని ఎవరైనా అడుగుతారని భయం. ఆదివారాలు కర్రపెండలం ఉడకబెట్టుకుని ఒక్కదాన్నే తింటాను. చాలా ఒంటరిగా ఉంది ఏలీ. చరిత్రలో నిజం రాసెయ్యనా?

నోరు జారిన నీ స్నేహితురాలు,
తంకమణి

కోజికోడ్,
జూన్ 15

టీచరమ్మా,

లావెక్కింది నిజమే. నీ ఉత్తరం చదువుతూ చేపల కూర మాడబెట్టి అక్క చేత తిట్లు తిన్నాను. పాతికేళ్ళు నా దగ్గర దాచావా? అందరి దిగుళ్ళూ ఇద్దరం కలిసి మోశాం, నీది మాత్రం నువ్వొక్కదానివే మోస్తావా?

ఆ పిల్లని అడగకుండా అచ్చు వేయిస్తే మళ్ళీ రేషన్ షాపులో నిలబడి అరిచినట్టే. వెళ్ళి అడుగు. ముందు పలకరించకూడదంటూ నాకే నియమాలు చెప్పకు. జాకెట్టు కుట్టించుకోవద్దని అట్టమీద నేనెక్కడా రాయలేదు.

ఇంకా కోపంగానే ఉన్న
ఏలికుట్టి

పుత్తన్‌కర,
జూన్ 28

ఏలీ,

జాకెట్టు గుడ్డ తీసుకుని వెళ్ళాను. షీజ మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూదులు. ముందు కొలతలు తీసింది. చివరికి ఆమే సూదులు తీసి బల్లమీద పెట్టి, “టీచర్, నామీద కోపం ఇంకా పోలేదా?” అంది.

“కోపమా? నాకా?”

“మరి? అమ్మ మిమ్మల్ని అందరి ముందూ అంత మాట అంది. ఆ మర్నాటినుంచి నన్ను చూస్తే మొహం తిప్పేసుకున్నారు. బడి మాన్పించింది అమ్మ. మీరొచ్చి ఒక్కమాట అడిగితే పంపించేదేమో. క్రిస్మస్ దాకా మా గేటు దగ్గర కూర్చుని మీకోసం చూశాను టీచర్.”

నేను ఏడ్చేశాను. ఆమే కుర్చీ వేసి నీళ్ళిచ్చింది. కాపాడుతున్నానని అనుకుంటూ ఆ పిల్లని పాతికేళ్ళు వెలేశాను. నియమం అట్ట మనవైపు గోడకి పెట్టుకున్నాం గానీ, పిల్లలకి ఎప్పుడైనా చెప్పామా ఏలీ? ఒక్కరికీ చెప్పలేదు.

చరిత్రలో రాయనా అని అడిగాను. “రాయండి. నా పేరొద్దు, టైలరని కూడా వద్దు” అంది. రాసి ఇచ్చాను. బీన మొహం ముడుచుకుంది గానీ తీసెయ్యలేదు. ఇకమీద మొదటిరోజే ‘బయట కనబడితే పలకరించనా’ అని పిల్లల్నే అడగాలని కూడా చేర్చాను.

షీజని కూడా అడిగాను. “మా అత్తగారు పక్కనుంటే వద్దు, ఆవిడకి వంద అనుమానాలు. మిగతా రోజుల్లో పేరు పెట్టి పిలవండి.”

నిన్న చేపల బజారులో ఒక్కతే వస్తోంది. “షీజా!” అన్నాను. మరీ గట్టిగా అన్నట్టున్నాను, చేపలావిడ ఉలిక్కిపడింది. షీజ ఆగింది. వాన మొదలైతే ఆమె గొడుగులో మా ఇంటిదాకా నడిచాం. దారిలో మన గదికి వచ్చినవాళ్ళే మరో ముగ్గురు, పెద్దవాళ్ళయిపోయారు, తల దించుకుని నన్ను దాటిపోయారు. ముందు పలకరించకుండా వాళ్ళని ఎలా అడగను ఏలీ?

నీ
తంకమణి